కౌన్సిల్ ఇళ్ల అద్దె: లెక్క వేయడం నుంచి వసూలు దాకా

మన దగ్గర సర్కారు ఇల్లు అంటే పట్టా చేతికి రావడమే. ఇందిరమ్మ ఇల్లయినా, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లయినా, తాళం చేతికొచ్చాక అది మన ఇల్లే. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇల్లు అలా కాదు. ఇంటి యజమాని కౌన్సిలే, అంటే ఆ ఊరి స్థానిక పాలక సంస్థే. అందులో ఉండే కుటుంబం వారం వారం అద్దె కడుతుంది. చాలామంది పిల్లలను పెంచి పెద్దచేసి, అదే ఇంట్లో ముసలివాళ్లవుతారు. ఈ తేడా మనసులో పడేదాకా ఇక్కడి లెక్కలు అర్థం కావు. నాకూ పట్టడానికి కొంత కాలం పట్టింది.

ఇంగ్లండ్‌లోని ఏదైనా కౌన్సిల్‌లో హౌసింగ్ ఫైనాన్స్‌లోనో, అద్దె వసూలు చూసే ఇన్‌కమ్ టీమ్‌లోనో కొత్తగా చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్కాట్లండ్, వేల్స్ నిబంధనలు వేరు, వాటి జోలికి పోవడం లేదు. ఫైనాన్స్ వాళ్లు ఒక అంతస్తులో, వసూలు చేసేవాళ్లు ఇంకో అంతస్తులో కూర్చుంటారు కాబట్టి ఇవి రెండు వేరు వేరు పనులని అనుకుంటాం. అది నిజం కాదు. బడ్జెట్‌లో జరిగిన తప్పు చివరికి ఎవరో ఒకరి తలుపు కిందకు బకాయి ఉత్తరంగా చేరుతుంది. అందుకే రెండూ కలిపి చెబుతున్నాను.

మొదటి అడుగు: డబ్బు ఏ డబ్బాలో ఉందో తెలుసుకోండి

కౌన్సిల్ ఇళ్ల ఆదాయానికీ ఖర్చుకూ ప్రత్యేకంగా ఒక ఖాతా ఉంటుంది. దాని పేరు హౌసింగ్ రెవెన్యూ అకౌంట్. ఆఫీసులో అందరూ హెచ్‌ఆర్‌ఏ అంటారు. 1989 నాటి లోకల్ గవర్నమెంట్ అండ్ హౌసింగ్ యాక్ట్ ఈ ఖాతా చుట్టూ కంచె వేసింది. అద్దెల డబ్బుతో గ్రంథాలయం నడపకూడదు, కౌన్సిల్ టాక్స్ డబ్బుతో అద్దె తగ్గించకూడదు. అదే చట్టంలోని 76వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు తయారు చేయాలి, వాటి ప్రకారం ఈ ఖాతా అప్పులోకి దిగకూడదు. అంటే ఖాతా నిల్వ సున్నా కిందకు పోయేలా బడ్జెట్ వేయడానికే వీల్లేదు.

ఖాతాలోకి వచ్చేవి ఇళ్ల అద్దెలు, గ్యారేజీల అద్దెలు, సర్వీస్ చార్జీలు, ఫ్లాట్లు కొనుక్కున్న లీజ్‌హోల్డర్లు కట్టేవి. పోయేవి నిర్వహణ ఖర్చు, మరమ్మతులు, అప్పుల మీద వడ్డీ, డిప్రిసియేషన్ (ఇళ్లు పాతబడే కొద్దీ తగ్గే విలువ), రాని బాకీల కోసం పక్కన పెట్టే మొత్తం. డిప్రిసియేషన్ కాగితం మీది అంకె అని కొట్టిపారేయకండి. అది మేజర్ రిపెయిర్స్ రిజర్వ్‌లోకి వెళ్తుంది. రేపటి పైకప్పులు, వంటగదులు, బాయిలర్లు వచ్చేది దానిలోంచే.

కంచె దగ్గర తగాదాలు ఎప్పుడూ ఉండేవే. కౌన్సిల్ ఇళ్ల సముదాయం మధ్య ఉన్న పార్కులో గడ్డి కోసిన ఖర్చు ఎవరిది? దీనికి ఒకే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల లాభం ఎవరికి? అద్దెదారులకు మాత్రమే అయితే హెచ్‌ఆర్‌ఏ భరించాలి. ఊరంతా వాడుకునేదైతే జనరల్ ఫండ్, అంటే కౌన్సిల్ మిగతా సేవల ఖాతా, భరించాలి. జనరల్ ఫండ్ ఇబ్బందుల్లో ఉన్న ఏడాది ఖర్చులు మెల్లగా కంచె దాటి ఇటు జరుగుతుంటాయి. ఉమ్మడి సేవల పేరుతో వచ్చే పద్దును ప్రతి ఏడాదీ ఆధారాలతో సహా అడగండి. ఆ పద్దులోని ప్రతి పౌండూ అద్దెదారుల నుంచి వచ్చిందే, వాళ్లలో చాలామంది ఊళ్లో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు.

2012 ఏప్రిల్ నుంచి ఈ ఖాతా తన కాళ్ల మీద తాను నిలబడుతోంది. అంతకుముందు అద్దెలను జాతీయ స్థాయిలో ఒక చోట చేర్చి పంచే సబ్సిడీ పద్ధతి ఉండేది. దాన్ని రద్దు చేసి, ఒక్కో కౌన్సిల్‌కు అప్పులో వాటా అంటగట్టి, ఇకపై మీ అద్దెలు మీవే, మీ ఖర్చులూ మీవే అన్నారు. అప్పుకు ఉన్న పరిమితిని 2018 అక్టోబరులో తీసేశారు. అందుకే ప్రతి కౌన్సిల్ 30 ఏళ్ల బిజినెస్ ప్లాన్ రాసుకుంటుంది. అది ఆడిటర్ కోసం రాసే కాగితం కాదు. అద్దె ఒక శాతం తగ్గితే ఏ ఏడాదిలో రిజర్వ్ అడుగంటుతుందో, వడ్డీ పెరిగితే ఎన్ని కొత్త ఇళ్లు ఆగిపోతాయో అందులో కనబడాలి. మీ ప్లాన్‌లో అది కనబడకపోతే ముందు దాన్ని సరిచేయండి.

రెండో అడుగు: అద్దెను నిబంధన ప్రకారం కట్టండి

సోషల్ రెంట్, అంటే మామూలు కౌన్సిల్ ఇంటి అద్దె, కౌన్సిల్ తన ఇష్టం వచ్చినట్టు పెట్టే అంకె కాదు, దానికొక ఫార్ములా ఉంది. 2000 ఏప్రిల్ నాటి జాతీయ సగటు అద్దె వారానికి 54.62 పౌండ్లు. దాన్ని రెండు ముక్కలు చేస్తారు. 70 శాతాన్ని ఆ కౌంటీలో శ్రామికుల సగటు సంపాదనను జాతీయ సగటుతో పోల్చి వచ్చిన నిష్పత్తితోనూ, ఇంట్లో పడకగదులకు ఇచ్చే తూకంతోనూ గుణిస్తారు. రెండు గదులకు తూకం 1.00, ఒక గదికి 0.90, మూడింటికి 1.05. మిగిలిన 30 శాతాన్ని 1999 జనవరిలో ఆ ఇంటి విలువను జాతీయ సగటు 49,750 పౌండ్లతో పోల్చి గుణిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. కౌంటీ సంపాదన సరిగ్గా జాతీయ సగటే అనుకుందాం. మూడు పడకగదుల ఇల్లు, 1999 విలువ 59,700 పౌండ్లు, అంటే సగటుకు 1.2 రెట్లు. మొదటి ముక్క: 54.62లో 70 శాతం 38.23, దాన్ని 1.05తో గుణిస్తే 40.15. రెండో ముక్క: 30 శాతం 16.39, దాన్ని 1.2తో గుణిస్తే 19.66. కలిపితే 59.81 పౌండ్లు. ఇది 2000 నాటి ధర. అక్కడి నుంచి ఏటా ప్రభుత్వం చెప్పిన శాతం కలుపుకుంటూ ఈ ఏటిదాకా రావాలి. ఒక్క ఏడాది శాతం తప్పు వేసినా తర్వాతి ఏళ్లన్నీ తప్పే.

ఇది నేను ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2020 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లు కూడా రెగ్యులేటర్ ఆఫ్ సోషల్ హౌసింగ్ అనే నియంత్రణ సంస్థ పెట్టిన అద్దె నియమాల (రెంట్ స్టాండర్డ్) కిందికి వచ్చాయి. ఏళ్ల తరబడి ఎక్కువ అద్దె వసూలు చేశామని తేలి, లెక్క తిరగేసి, డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చిన కౌన్సిళ్లు ఉన్నాయి. తప్పులు ఎక్కువగా దొరికే చోట్లు రెండే. ఒకటి 48 వారాల అద్దెను 52 వారాలకు మార్చేటప్పుడు (ఈ వారాల సంగతి నాలుగో అడుగులో చెబుతాను). రెండోది అఫర్డబుల్ రెంట్ ఇళ్లలో, అంటే అద్దెను ఫార్ములాతో కాక మార్కెట్ అద్దెను బట్టి పెట్టే ఇళ్లలో. ఆ అద్దె సర్వీస్ చార్జీతో కలిపి మార్కెట్ అద్దెలో 80 శాతం దాటకూడదు. సిస్టమ్‌లో మాత్రం సర్వీస్ చార్జీ విడిగా పైన పడుతూ ఉంటుంది. చేరిన మొదటి నెలలో ఓ పాతిక ఇళ్లు తీసుకుని, ఫార్ములాను చేత్తో వేసి చూడండి. సిస్టమ్ అంకెతో సరిపోతే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. సరిపోకపోతే అద్దెదారు అడగకముందే మీరే బయటపెట్టండి.

మూడో అడుగు: ఏడాది పెంపు

సాధారణ నిబంధన ఇది: కిందటి సెప్టెంబరు సీపీఐ (వినియోగదారుల ధరల సూచీ) ద్రవ్యోల్బణం, దానిమీద ఒక శాతం. అంతకు మించి పెంచకూడదు. 2023 సెప్టెంబరులో సీపీఐ 6.7, కాబట్టి 2024 ఏప్రిల్‌లో 7.7 శాతం. 2024 సెప్టెంబరులో 1.7, కాబట్టి 2025 ఏప్రిల్‌లో 2.7. నిబంధన చెప్పడానికి తేలికే, కానీ ప్రభుత్వాలు దాన్ని మధ్యలో మార్చేస్తుంటాయి. 2016 నుంచి 2020 దాకా నాలుగేళ్లు ఏటా ఒక శాతం అద్దె తగ్గించమన్నారు. 2022 సెప్టెంబరులో సీపీఐ 10.1కి చేరినప్పుడు, 11.1 పెంచుకునే చోట ఉన్న అద్దెదారులకు 7 శాతం దగ్గర పరిమితి పెట్టారు.

ఆ 7 శాతం వల్ల ఏం జరిగిందో లెక్కేసి చూడండి. వారానికి 100 పౌండ్ల అద్దె 111.10 కావాల్సింది 107 అయింది. ఒక ఇంటికి వారానికి 4.10, ఏడాదికి 213 పౌండ్లు. 5,000 ఇళ్లున్న కౌన్సిల్‌కు ఏడాదికి 10 లక్షల 66 వేలు. పోయింది ఆ ఒక్క ఏడాది డబ్బు కాదు. తర్వాతి పెంపులన్నీ ఆ తక్కువ అంకె మీదే పడతాయి కాబట్టి ఆ లోటు అలాగే ఉండిపోతుంది. అయినా ఆ చలికాలం గ్యాస్ బిల్లులు చూసిన నేను ఆ పరిమితి తప్పు అనలేను. రెండూ నిజమే. ఆ పరిమితి లేకపోతే అద్దెదారుల ఇళ్లలో ఎంత కష్టమయ్యేదో నాకు తెలుసు, దానివల్ల ఆగిపోయిన కిటికీల పని కూడా నాకు తెలుసు.

అద్దె నిర్ణయం ఎప్పుడూ రాజకీయమే. డెర్బీషైర్‌లోని క్లే క్రాస్ అనే చిన్న ఊరిలో 1972లో, అప్పటి హౌసింగ్ ఫైనాన్స్ యాక్ట్ చెప్పిన పెంపు మేం చేయం అని కౌన్సిలర్లు మొండికేశారు. పదకొండు మందికి జరిమానా పడింది, పదవులు పోయాయి. మీరు కౌన్సిలర్ల ముందుకు అద్దె రిపోర్టు తీసుకెళ్లినప్పుడు ఈ చరిత్ర తెలిసినవాళ్లు ఆ గదిలో ఉంటారు. పెంచితే ఒక్కో కుటుంబం మీద ఎంత పడుతుందో, పెంచకపోతే ఏ పనులు ఆగుతాయో రెండూ పక్కపక్కన పెట్టండి. అంకెలు దాచిన రిపోర్టు వాళ్ల దగ్గర నిలవదు.

తేదీల విషయంలో తప్పు చేయకండి. 1985 హౌసింగ్ యాక్ట్ ప్రకారం సెక్యూర్ టెనెంట్‌కు, అంటే కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించలేని కౌన్సిల్ అద్దెదారుకు, అద్దె మార్పు నోటీసు కనీసం నాలుగు వారాల ముందు చేరాలి. కొత్త అద్దె ఏప్రిల్ మొదటి సోమవారం మొదలవుతుంది. అంటే ఫిబ్రవరి చివరికల్లా ఉత్తరాలు బయలుదేరాలి. ఒక ఏడాది ప్రింటింగ్ ఆలస్యమై, వెయ్యికి పైగా ఉత్తరాలు నాలుగు వారాల గడువులో చేరలేదు. ఆ ఇళ్లకు పెంపు ఒక వారం వెనక్కి జరపాల్సి వచ్చింది. ఆ వారం రోజుల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి మొదటి వారంలోనే ఉత్తరం నమూనా సిద్ధం చేసి, ఒక్క అంకె మాత్రం ఖాళీ ఉంచుతాను.

నాలుగో అడుగు: వారాలు ఎన్నో లెక్కపెట్టండి

వారానికి 120 పౌండ్ల అద్దె. 52 వారాలకు 6,240. కొన్ని కౌన్సిళ్లు దీన్ని 48 వారాలకు పంచి, వారానికి 130 చొప్పున తీసుకుని, మిగతా నాలుగు వారాలు అద్దె లేని వారాలుగా వదిలేస్తాయి. సాధారణంగా క్రిస్మస్ దగ్గర, మార్చి చివర. నెలవారీ డైరెక్ట్ డెబిట్ అయితే 520. మూడు అంకెలూ ఒకే అద్దె. కానీ వాటిని అద్దెదారుకు చెప్పేటప్పుడు ఒకటే వాడండి. కౌంటర్‌లో ఒకరు 130 అని, ఫోన్‌లో ఇంకొకరు 120 అని చెబితే, పాపం వాళ్లు తక్కువ అంకెనే గుర్తుపెట్టుకుంటారు.

కొన్నేళ్లకోసారి ఏడాదిలో 53 సోమవారాలు వస్తాయి. 2024 ఏప్రిల్ 1 సోమవారం, 2025 మార్చి 31 కూడా సోమవారమే, కాబట్టి ఆ ఏడాది 53. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయం, యూనివర్సల్ క్రెడిట్, మాత్రం వారపు అద్దెను 52తో గుణించి 12తో భాగిస్తుంది, ఆ 53వ వారం దాని లెక్కలో లేదు. పూర్తిగా యూనివర్సల్ క్రెడిట్ మీదే బతికే కుటుంబానికి ఏ తప్పూ లేకుండా ఒక వారం అద్దె బకాయి పడుతుంది. అలాంటి ఏడాది వస్తోందని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఆ కుటుంబాలకు జనవరిలోనే చెప్పండి. వారానికి రెండు పౌండ్లు ఎక్కువ కట్టుకుంటూ వస్తే ఆ వారం గడిచిపోతుంది.

ఐదో అడుగు: మన లెక్క సరైందో కాదో ముందు చూడండి

బకాయి ఉత్తరం పంపే ముందు మన పుస్తకం సరిగా ఉండాలి. ప్రతి సోమవారం ఖాతాల్లో ఆ వారం అద్దె బాకీగా పడ్డాక, సిస్టమ్‌లో పడిన మొత్తం ఇళ్ల సంఖ్యతో సరిపోతోందా చూడాలి. కిందటి వారం ఇళ్లు, అందులో అమ్ముడైనవి తీసేసి, కొత్తగా చేరినవి కలిపితే ఈ వారం ఇళ్లు రావాలి. డబ్బు వైపు కూడా అంతే: మొదటి బకాయి, దానికి ఈ వారం అద్దె కలిపి, వచ్చిన నగదు, హౌసింగ్ బెనిఫిట్ (అద్దె కోసం ఇచ్చే పాత తరహా ప్రభుత్వ సాయం), రద్దు చేసినవి తీసేస్తే చివరి బకాయి రావాలి. నాలుగు పెన్నీల తేడా అయినా వెతకండి. ఆ చిన్న తేడా వెనుక కొన్నిసార్లు రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి దాచుకుని ఉంటాయి.

సస్పెన్స్ ఖాతాను రోజూ తెరవండి. ఎవరివో తెలియని చెల్లింపులు అక్కడ చేరతాయి. రిఫరెన్స్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టిన తల్లి డబ్బు అక్కడ పడి ఉంటుంది, ఆమె ఇంటికి మాత్రం బకాయి నోటీసు వెళ్తుంది. దానికంటే అన్యాయం మన పనిలో ఇంకోటి లేదు.

ఇంకో జాగ్రత్త: ముందుగా కట్టినవాళ్ల మిగులును బకాయిలతో కొట్టేసి ఒకే అంకె చూపకండి. ఒకరు 300 ముందు కడితే, ఇంకొకరి 300 బకాయి మాయమైపోదు. వసూలు శాతం అన్న మాటకు కూడా అర్థం ముందే తేల్చుకోండి. ఈ ఏడాది రావాల్సింది కోటి పౌండ్లు, పాత బకాయి 4 లక్షలు, వచ్చింది 98 లక్షల 50 వేలు అనుకోండి. పాత బకాయి కలపకపోతే 98.5 శాతం, కలిపితే 94.7. రెండూ నిజాయతీ ఉన్న అంకెలే, కానీ ఒక ఏడాది ఒకటి, ఇంకో ఏడాది ఇంకోటి వాడితే అది మోసం. అలాగే హౌసింగ్ బెనిఫిట్ నాలుగు వారాలకోసారి వచ్చే చోట బకాయి గీత రంపం పళ్లలా ఉంటుంది. ఈ వారాన్ని కిందటి వారంతో కాదు, కిందటి ఏడాది ఇదే వారంతో పోల్చండి.

ఆరో అడుగు: మొదటి వారంలోనే పలకరించండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలని కోరుకుంటాను.

బకాయి రెండు వారాలున్నప్పుడు మనిషి సిగ్గుపడతారు. ఎనిమిది వారాలకు భయపడతారు. ఇరవై వారాలకు ఉత్తరాలు తెరవడం మానేస్తారు. నేను మొదటిసారి ఇంటికి వెళ్లి కలిసిన అద్దెదారు వంటింటి సొరుగు తెరిచి చూపించారు, మేం పంపిన కవర్లన్నీ విప్పకుండా అందులోనే ఉన్నాయి. ఆమె మొండి మనిషి కాదు. ఆ కవర్లలో ఏముందో ఆమెకు ముందే తెలుసు. ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి వారం డబ్బు రాకపోతే ఫోన్ చేస్తాను. "అద్దె ఎందుకు కట్టలేదు" అని కాదు, "ఈ వారం ఏమైనా మారిందా" అని అడుగుతాను. ఉద్యోగ గంటలు తగ్గాయి, పెద్దబ్బాయి ఇంట్లోంచి వెళ్లిపోయాడు, భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. నూటికి తొంభై సార్లు జవాబు అద్దె గురించి ఉండదు.

యూనివర్సల్ క్రెడిట్ సంగతి బాగా తెలుసుకోండి. కొత్తగా దరఖాస్తు చేస్తే మొదటి డబ్బుకు ఐదు వారాలు పడుతుంది. వారానికి 120 అద్దె అంటే, అంతా సవ్యంగా జరిగినా అప్పటికి ఖాతాలో 600 పౌండ్లు బకాయి కనబడుతుంది. ఇది కాగితం మీది బకాయి. ఆ కుటుంబానికి బెదిరించే ఉత్తరం పంపితే మన పరువే పోతుంది. హౌసింగ్ భాగం మామూలుగా అద్దెదారు చేతికే వస్తుంది. రెండు నెలల బకాయి పడితేనో, మనిషి డబ్బు నిర్వహించుకోలేని స్థితిలో ఉంటేనో నేరుగా యజమానికి పంపమని మనం అడగవచ్చు. ఏప్రిల్‌లో అద్దె పెరిగాక, కొత్త అంకెను అద్దెదారు తన ఆన్‌లైన్ ఖాతాలో తనే నమోదు చేయాలి. అది మర్చిపోతే పాత అద్దె ప్రకారమే డబ్బు వస్తుంది. కాబట్టి పెంపు మొదలైన రోజున ఒక మెసేజ్, వారం తర్వాత ఇంకోటి పంపండి. ఏప్రిల్, మే బకాయిల్లో ఎంత భాగం ఈ ఒక్క మరపు వల్లనో మీరే చూస్తారు.

ఖాళీ పడకగది ఉన్నవాళ్ల సంగతి వేరు. 2013 ఏప్రిల్ నుంచి పని వయసులో ఉండి సాయం పొందేవాళ్లకు ఒక గది ఎక్కువుంటే 14 శాతం, రెండుంటే 25 శాతం కోత. 120 పౌండ్ల మీద 16.80 లేదా 30. చిన్న ఇంటికి మారమని చెప్పడం తేలిక, చిన్న ఇళ్లు ఉండాలి కదా. బెనిఫిట్ క్యాప్, అంటే ఒక కుటుంబానికి వచ్చే మొత్తం సాయం మీద పరిమితి, ఇంకోటి: 2023 ఏప్రిల్ నుంచి లండన్‌లో కుటుంబానికి ఏడాదికి 25,323 పౌండ్లు, బయట 22,020. పెద్ద కుటుంబాల్లో ఈ కోత మొదట అద్దె మీదే పడుతుంది. ఇలాంటివాళ్ల కోసం కౌన్సిల్ చేతిలో ఉండే అదనపు సాయం దరఖాస్తు మీరే కూర్చుని నింపించండి.

ఒకసారి కౌంటర్ దగ్గరికి చీరమీద కోటు తొడుక్కున్న ఒక పెద్దావిడ వచ్చారు. నా పేరు బ్యాడ్జి చూసి, "ఏమ్మా, తెలుగమ్మాయివేనా?" అన్నారు. కొడుకు పేర వచ్చే డబ్బుతో అద్దె కట్టేవారు, అది ఆగిపోయింది. "పెద్దమ్మా, మీకు పెన్షన్ క్రెడిట్ వస్తోందా?" అని అడిగితే, "అదేంటమ్మా?" అన్నారు. పెన్షన్ క్రెడిట్ అంటే తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకు ఇచ్చే సాయం. అందులో గ్యారంటీ భాగం వచ్చేవాళ్లకు హౌసింగ్ బెనిఫిట్ కూడా పూర్తిగా వచ్చే వీలుంటుంది, మూడు నెలలు వెనక్కి కూడా అడగవచ్చు. ఆ మధ్యాహ్నమే ఫోన్‌లో దరఖాస్తు పెట్టించాను. ఆమె బకాయి తీరడానికి కోర్టు అవసరం రాలేదు, ఒక ప్రశ్న అడిగేవాళ్లు లేకపోవడమే అప్పటిదాకా ఉన్న లోపం. మరోవైపు, వర్క్ వీసా మీద వచ్చిన మనవాళ్లలో ఎక్కువమందికి ప్రభుత్వ సాయం పొందే హక్కు ఉండదు. వీసా షరతు చూడకుండా యూనివర్సల్ క్రెడిట్‌కు పెట్టుకోమని ఎవరికీ సలహా ఇవ్వకండి. అది వాళ్ల వీసాకే ముప్పు.

ఒప్పందం కుదిర్చేటప్పుడు ఆదాయం, ఖర్చు రాసి చూసి, నిజంగా కట్టగలిగేదే రాయండి. వారానికి 25 ఒప్పుకుని రెండు వారాలకే తప్పేదానికన్నా, వారానికి 5 రెండేళ్లు కట్టేది మేలు.

ఏడో అడుగు: మరమ్మతులు కూడా అడగండి

అద్దె ఆపేసినవాళ్లలో కొందరు గోడకు తేమ ఎక్కి, బూజు పట్టి, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాక ఆపేస్తారు. చట్టం వాళ్లకు ఇలా ఆపమని చెప్పదు, కానీ కోర్టులో మరమ్మతు నష్టాన్ని బకాయికి ఎదురు పెట్టవచ్చు. రాచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో ఉండి 2020 డిసెంబరులో చనిపోయిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు నుంచి అమలవుతోంది. అత్యవసర ప్రమాదాలను 24 గంటల్లో చూడాలి, తీవ్రమైన తేమ, బూజు ఫిర్యాదులను 10 పనిదినాల్లో పరిశీలించాలి. బకాయి ఫైలు తెరిచిన ప్రతిసారీ మరమ్మతుల ఫైలు కూడా పక్కన తెరవండి. తెరిచి ఉన్న ఫిర్యాదు కనబడితే ముందు దాన్ని కదిలించి, తర్వాత డబ్బు మాట మాట్లాడండి.

ఎనిమిదో అడుగు: కోర్టు దాకా వెళ్తే

కౌన్సిళ్ల లాంటి సోషల్ యజమానుల కోసం కోర్టుకు ముందు పాటించాల్సిన నియమావళి ఒకటుంది. ముందుగా పలకరించాలి, అర్థమయ్యే అద్దె స్టేట్‌మెంట్ మూడు నెలలకోసారైనా ఇవ్వాలి, బెనిఫిట్ దరఖాస్తు నడుస్తుండగా కోర్టుకు వెళ్లకూడదు. తర్వాత నోటీస్ సీకింగ్ పొసెషన్, అంటే ఇల్లు తిరిగి ఇప్పించమని కోర్టుకు వెళ్తామనే నోటీసు. వారపు అద్దె సెక్యూర్ టెనెన్సీలో (సెక్యూర్ టెనెంట్ అద్దె ఒప్పందంలో) కనీసం నాలుగు వారాల గడువు ఉంటుంది. అద్దె బకాయి అన్నది న్యాయమూర్తి విచక్షణ మీద ఆధారపడిన కారణం. ఇల్లు ఖాళీ చేయించడం సమంజసమేనని ఆయన ఒప్పుకోవాలి. ఎక్కువసార్లు మామూలు అద్దెతో పాటు వారానికి ఇంత కట్టమని, ఆ షరతు మీద ఉత్తర్వు ఆపి ఉంచుతారు. ఈ మధ్యలో అద్దెదారు బ్రీతింగ్ స్పేస్ (అప్పులవాళ్ల నుంచి చట్టం ఇచ్చే తాత్కాలిక రక్షణ) తీసుకుంటే, 60 రోజులు పాత బకాయి కోసం ఒత్తిడి చేయకూడదు. ఆ రోజుల్లో కొత్తగా పడే అద్దె మాత్రం కట్టాలి.

బెయిలిఫ్ (ఇల్లు ఖాళీ చేయించే కోర్టు అధికారి) తేదీ వచ్చినా మీ ప్రయత్నం ఆపకండి. ముందు రోజు కూడా ఇంటికి వెళ్లండి. ఖాళీ చేయించిన కుటుంబం చాలాసార్లు అదే కౌన్సిల్ హోమ్‌లెస్ విభాగానికి వస్తుంది, తాత్కాలిక వసతి ఖర్చు జనరల్ ఫండ్ మీద పడుతుంది. ఇటు బాకీ రాదు, అటు ఖర్చు మొదలవుతుంది, మధ్యలో పిల్లల బడి మారుతుంది.

తొమ్మిదో అడుగు: ఖాళీ ఇళ్లు, వెళ్లిపోయినవాళ్లు, అమ్ముడైన ఇళ్లు

ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతి వారం అద్దె పోతుంది. 5,000 ఇళ్లు, సగటు అద్దె 100 అయితే ఏడాది ఆదాయం 2 కోట్ల 60 లక్షలు. అందులో ఒకటిన్నర శాతం ఖాళీల్లో పోతే 3 లక్షల 90 వేలు. తాళాలు తిరిగిచ్చిన రోజు నుంచి కొత్త కుటుంబం చేరే రోజు దాకా ఎన్ని రోజులు, ఎవరి దగ్గర ఆగింది అన్నది వారం వారం చూడండి.

వెళ్లిపోయే అద్దెదారు నుంచి కొత్త చిరునామా, ఫోన్ నంబరు, చివరి బిల్లు ఒప్పందం తాళాలు తీసుకునేటప్పుడే తీసుకోవాలి. అద్దె బకాయి కోసం దావాకు 1980 లిమిటేషన్ యాక్ట్ ప్రకారం గడువు ఆరేళ్లు. అంతకంటే ముందే ఆరు నెలల్లో దొరకని డబ్బు ఇంక దొరకడం అరుదు. రాని బాకీల కోసం పక్కన పెట్టే మొత్తాన్ని ఉంటున్నవాళ్లకూ వెళ్లిపోయినవాళ్లకూ ఒకే శాతంతో వేయకండి.

రైట్ టు బై, అంటే అద్దెదారు తానుంటున్న ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు, సంగతి: 1980 నుంచి ఇంగ్లండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు ఇలా అద్దెదారులకు అమ్ముడయ్యాయి. ఒక ఇల్లు పోతే దాని అద్దె శాశ్వతంగా పోతుంది, ఆఫీసు ఖర్చు మాత్రం తగ్గదు. 2024 నవంబరులో తగ్గింపులను కోసి, ప్రాంతాన్ని బట్టి గరిష్ఠం 16,000 నుంచి 38,000 పౌండ్లకు దించారు. ఆ కోతకు ముందు దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగాయి కాబట్టి, మీ అద్దె అంచనాలో ఆ అమ్మకాలన్నీ తీసేశారో లేదో చూడండి.

పదో అడుగు: మార్చి 31

ఏడాది చివరి వారంలో కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి. సస్పెన్స్ ఖాతా సున్నాకు తేండి. రద్దు చేయాల్సిన బాకీలను కారణం రాసి, అధికారం ఉన్నవాళ్ల సంతకంతో రద్దు చేయండి. చనిపోయినవారి ఖాతాల మీద ఉత్తరాలు ఆపారా చూడండి, ఆ ఉత్తరం కుటుంబానికి చేరితే ఎలా ఉంటుందో నేను చూశాను. హౌసింగ్ బెనిఫిట్ ఫైలు, రెంట్ ఫైలు, లెడ్జర్ మూడూ ఒకే అంకె చూపాలి. తర్వాత ఏప్రిల్ మొదటి సోమవారం ఉదయం, కొత్త అద్దె పడగానే, ఫోన్లు మొదలయ్యేలోపు ఓ పది ఖాతాలు తెరిచి ఉత్తరంలో రాసిన అంకే పడిందో లేదో చేత్తో సరిచూడండి.